పొద్దటి నీరా మాపటికి కల్లెట్లయితది?

జర్మనీలో చదువుకుంటున్న మా మనుమరాలు మొన్న ఫోన్‌లో అడిగింది. "తాతా, ఈడ ఎండలు మొదలైనయంటే వైన్‌ల సగానికి సగం సోడా పోసుకొని తాగుతరు. షోర్లే అంటరు దాన్ని. స్పెయిన్‌ల పండ్లముక్కలు, ఐసుగడ్డలు ఏసి సాంగ్రియా కలుపుతరు. మంచి వైన్‌ల నీళ్లు కలుపుడు ఎందుకు? మన కరీంనగర్ దిక్కు ఇసొంటిదేమన్న ఉండెనా?"

ఉండుడేంది బిడ్డా, ఇప్పటికీ ఉన్నది. మనకు చెట్టు మీదనే తయారై దిగుతది. నీ ప్రశ్నలో చాలా సైన్స్ ఉంది, ఫోన్‌లో తెగేది కాదని అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. నీతో పాటు మిగతా మనుమలు, మనుమరాళ్లు కూడా చదువుకోండి.

వైన్‌లో నీళ్లు కలపడం కొత్త సంగతేమీ కాదు. పాతకాలపు గ్రీకులు నీళ్లు కలపని వైన్ తాగేవాణ్ని నాగరికత తెలియనివాడిగా చూసేవారు. విందులో వైనూ నీళ్లూ కలపడానికే క్రేటర్ అని వెడల్పు మూతి పాత్ర ఒకటి పెట్టుకునేవారు. ఆస్ట్రియాలోనూ, ఇటలీలో వెనిస్ వైపూ స్ప్రిట్జ్ అంటారు. సాంగ్రియా సంగతికొస్తే, ఆ పేరుతో సీసా అమ్ముకునే హక్కు స్పెయిన్, పోర్చుగల్ దేశాలదేనని ఐరోపా సమాఖ్య 2014లో చట్టమే చేసింది. పేర్లు ఎన్నయినా పని ఒకటే, వైన్‌ను పలచన చేయడం. ఎండ దేశాల వాళ్లు, ఎండాకాలంలో ఈ పని ఎందుకు చేస్తారో లెక్క వేసి చూద్దాం.

మన మెదడు వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. మూత్రపిండాలకు అది ఇచ్చే ఆజ్ఞ ఒక్కటే: నీళ్లు పట్టి ఉంచు. ఆల్కహాల్ లోపలికి పోగానే మెదడు ఆ హార్మోన్‌ను తగ్గిస్తుంది, కిడ్నీలు నీళ్లు వదిలేస్తాయి. గ్రాము ఆల్కహాల్‌కు సుమారు 10 మిల్లీలీటర్ల నీళ్లు అదనంగా బయటికి పోతాయని ఒక అంచనా. 12 శాతం వైన్ లీటరు తీసుకో. అందులో 95 గ్రాముల దాకా ఆల్కహాల్ ఉంటుంది. అది తోసేసే నీళ్లు 950 మిల్లీలీటర్లు. ఆ లీటరు వైన్‌లో ఉన్న నీళ్లే 880 మిల్లీలీటర్లు! అంటే దాహానికని వైన్ తాగినవాడు తాగిన నీళ్లకంటే ఎక్కువే పోగొట్టుకుంటాడు. అదే వైన్ ఒక పాలుకు సోడా రెండు పాళ్లు పోస్తే ఆల్కహాల్ 4 శాతానికి దిగుతుంది. ఇప్పుడు లీటరులో 32 గ్రాములే, బయటికి పోయేది 320 మిల్లీలీటర్లే. మిగిలింది ఒంటికి దక్కుతుంది. మీ జర్మనీ వాళ్లు సగానికి సగం పోస్తారు గనుక అది 6 శాతం దగ్గర ఆగుతుంది. ఎండకు అది కూడా ఎక్కువేనని నేనంటాను.

ఇక మన తాటికల్లు చూడు. చక్కగా పులిసిన కల్లులో ఆల్కహాల్ 4 నుంచి 6 శాతం. యూరప్ వాళ్లు సోడా పోసి ఎక్కడికి దిగారో, మన లొట్టి (కల్లుకుండ) అక్కడే మొదలవుతుంది. ఎవరూ నీళ్లు పోయనవసరం లేకుండా చెట్టే పలచగా ఇస్తుంది.

అలా ఎందుకు వస్తుందో తెలియాలంటే చెట్టెక్కాలి. కల్లు గీసే గౌడన్న మోకు, ముస్తాదు (చెట్టెక్కే సరంజామా) వేసుకుని తాటిచెట్టు ఎక్కి చేసే పనిని కింద నిలబడి చూసేవాడికి కత్తితో గీయడమే కనబడుతుంది. తాళ్లలో పోతు తాడు వేరు, పండు తాడు వేరు. పోతు తాటికి పూతగెలలే వస్తాయి, పండు తాటికి ముంజలు కాస్తాయి. రెంటికీ కల్లు గీస్తారు. గెలను దగ్గరికి కట్టి, మెల్లగా నలిపి, కొసను కత్తితో పలచటి పొర తీస్తారు. ఆకుల్లో ఎండతో తయారైన చక్కెర పూతకూ కాయకూ పోవడానికి చెట్టులో సన్నటి గొట్టాల దారి ఒకటుంది, ఫ్లోయమ్ అంటారు. గెల కొస కోస్తే ఆ దారి తెగి చక్కెరనీళ్లు బయటికి కారతాయి. మన వేలు తెగితే కాసేపటికి రక్తం గడ్డకట్టినట్టే, చెట్టు కూడా కాలోజ్ అనే పదార్థంతో ఆ గొట్టాల మూతులు మూసేస్తుంది. అందుకే గౌడన్న పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి ఎక్కి మళ్లీ పలచగా పొర తీయాలి. మందంగా కోస్తే గెల తొందరగా అయిపోతుంది, మరీ పలచగా కోస్తే మూత తెరుచుకోదు. ఎంత కోయాలన్నది ఆయన చేతికి తెలుసు. ఇంత నేర్పున్న పని చేస్తూ ఏటా ఎందరో గీతకార్మికులు చెట్టు మీద నుంచి పడి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలైలో కాటమయ్య రక్ష పేరుతో భద్రత కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడుల కులదైవం. ఆ కిట్టు ప్రతి గీతకార్మికుడికీ అందాలి, అందినవాళ్లు బద్ధకించకుండా కట్టుకోవాలి.

ఈతచెట్టుకు గీత వేరుగా ఉంటుంది. గెలకు కాదు, మట్టల కింద మెడ దగ్గర చెక్కి గీస్తారు. అది చలికాలపు సరుకు. ఎండలు ముదిరేకొద్దీ మన జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఊళ్లలో తాటిదే రాజ్యం.

గెల నుంచి కారే చుక్కలో మత్తు ఏమాత్రమూ ఉండదు. అదే నీరా. లీటరుకు 100 నుంచి 140 గ్రాముల చక్కెర ఉంటుంది, అదీ మన ఇంట్లో డబ్బాలో ఉండే చక్కెరే, సుక్రోజ్. పులుపూ కాదు, కారమూ కాదు. పొటాషియం బాగానే ఉంటుంది. మరి కల్లు చేసేది ఎవరు?

లొట్టి. నిన్నటి కల్లు తాలూకు ఈస్టు ఆ మట్టి గోడల సందుల్లో కోట్ల సంఖ్యలో కూర్చుని ఉంటుంది. పైన ఈగలు, తేనెటీగలు, గాలి, గౌడన్న కత్తి, ఇవన్నీ కూడా తలా కొంత తెచ్చి పడేస్తాయి. తియ్యటి నీళ్లు, పైన మన వేసవి వేడి. ఈస్టుకు 30 డిగ్రీలంటే పండుగ. ముందు లాక్టిక్ బాక్టీరియా లేచి కొద్దిగా పులుపు పుట్టిస్తుంది. ఆ పులుపులో చెడ్డ సూక్ష్మజీవులు చాలావరకు ఆగిపోతాయి, ఈస్టు మాత్రం హాయిగా పెరుగుతుంది. ఈస్టు ముందు సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండు ముక్కలు చేస్తుంది. తర్వాత వాటిని విరిచి ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. దీనికి తోడు జైమోమోనాస్ అని ఒక బాక్టీరియా ఉంది, ఈస్టు చేసే పనే ఇంకా వేగంగా చేస్తుంది. మన కల్లులోనూ, మెక్సికో వాళ్లు కిత్తలి జాతి మొక్క రసంతో చేసే పుల్కేలోనూ ఉంటుందది. ఆ రోజు గడిచిపోతే చివరగా అసిటిక్ బాక్టీరియా వస్తుంది. గాలిలోని ఆక్సిజన్‌తో ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మారుస్తుంది. రెండో రోజు కల్లు ముక్కు పగిలేట్టు పుల్లగా ఉండేది అందుకే.

పొద్దటి కల్లు తియ్యగా, మాపటి కల్లు ఘాటుగా ఉంటుందని మన ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఒక్క పగటి పూటలో ఈ సూక్ష్మజీవులు చేసిన పని అది.

నురగ ఎందుకో కూడా లెక్క చూడు, నీకు లెక్కలంటే ఇష్టం కదా. లీటరు నీరాలో 120 గ్రాముల చక్కెర ఉందనుకుందాం. అంతా పులిస్తే 60 గ్రాములకు పైగా ఆల్కహాల్, ఇంచుమించు అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. బరువు చూస్తే తక్కువే. కానీ ఆ వాయువు మన ఎండాకాలపు వేడిలో 30 లీటర్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. ఒక్క లీటరు కల్లు నుంచి మూడు బిందెల గాలి! అందుకే కల్లు సీసాకు మూత బిగించకూడదు. బిగించి బండి డిక్కీలో పెట్టుకొస్తే దారిలోనే పేలుతుంది. గౌడన్న లొట్టి మూతికి గడ్డో, గుడ్డో అడ్డం పెడతాడే గానీ బిరడా బిగించడు.

ఈ పులియడం ప్రాణమున్న సూక్ష్మజీవుల పని అని లూయీ పాశ్చర్ 1850ల చివర్లో నిలబెట్టాడు. 1897లో ఎడ్వర్డ్ బూక్నర్ ఈస్టును నూరి, పిండి, ప్రాణం లేని ఆ రసంతోనే చక్కెరను ఆల్కహాల్‌గా మార్చి చూపించాడు. దానికి 1907లో నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత తెలిసిందేమంటే, ఈస్టు చక్కెరను విరిచే దారీ, నడిచేటప్పుడు నీ కాలి కండరం చక్కెరను విరిచే దారీ చాలా దూరం ఒకటేనని. అలా విరిచినప్పుడు వచ్చే శక్తిని దాచుకునే పదార్థం ఏటీపీ. 1929లో దాన్ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఇంత పెద్ద శాస్త్రానికి దారి తీసింది పులిసే తియ్యటి నీళ్లే. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

మరి కల్లు చలువ చేస్తుందా? "రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయ్, రెండు రేకలు కల్లు తాగితె పాణం సల్లవడ్తది" అని మన పెద్దలు అనేమాటలో ఎంత నిజముందో తేల్చుకోవాలి. తాటాకు రేకలో కల్లు పోయించుకుని, ఆకు వాసనతో సహా తాగితే ప్రాణం లేచొచ్చినట్టు అనిపించడం నిజమే. లీటరు కల్లులో 5 శాతం లెక్కన 40 గ్రాముల ఆల్కహాల్. బయటికి పోయేవి 400 మిల్లీలీటర్లు. లోపలికి వచ్చినవి 900 పైన. కాబట్టి కల్లు ఒంట్లో నీళ్లు పూర్తిగా ఎండగొడుతుందనడం తప్పు. దాహానికి నీళ్లతో సమానమనడం కూడా తప్పు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో షిరెఫ్స్, మాన్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ఒక ప్రయోగం అచ్చువేశారు. మనుషుల చేత బాగా చెమట పట్టేలా వ్యాయామం చేయించి, ఆల్కహాల్ లేని పానీయమూ, 1, 2, 4 శాతం ఉన్న పానీయాలూ వేర్వేరు రోజుల్లో తాగించి, మూత్రం కొలిచారు. 2 శాతం దాకా పెద్ద తేడా లేదు. 4 దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు నీళ్లు తిరిగి పట్టుకోవడం ఆలస్యమైంది.

దీన్నిబట్టి పెద్దవాళ్లకు ఒక కొలత చెప్పొచ్చు. తాగే అలవాటున్నవాళ్లు పులిసిన కల్లు రెండు పాళ్లకు చల్లటి నీళ్లు మూడు పాళ్లు కలిపితే 5 శాతం కాస్తా 2 శాతానికి దిగుతుంది. చిటికెడు ఉప్పు, నిమ్మచెక్క, దంచిన అల్లం వేస్తే మీ షోర్లే కంటే బాగుంటుంది. అప్పటికప్పుడే తాగెయ్యాలి, ఎందుకంటే ఈస్టు ఇంకా బతికే ఉంది, పని చేస్తూనే ఉంటుంది. అయినా నడి ఎండలో పొలం పని మధ్యలో మాత్రం ఇది కూడా వద్దు. ఆల్కహాల్ చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. 45 డిగ్రీల వడగాలి మన ఒంటికంటే వేడి, అప్పుడు ఆ చర్మం వేడిని బయటికి వదలడానికి బదులు లోపలికి తీసుకుంటుంది. దాహం, అలసట తెలియకుండా పోతాయి. వడదెబ్బ తగిలేది అలాగే. సారా, విస్కీల సంగతి లెక్కకు కూడా తేనవసరం లేదు. 40 శాతం ఉన్నదాన్ని ఎండలో తాగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

అందుకే ఎండాకాలంలో నా ఓటు నీరాకే. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టు.

నీరా కావాలంటే ఈస్టును లొట్టిలోకి రానివ్వకూడదు. పాత లొట్టిని బాగా కడిగి, మంట మీద కాల్చి లేదా మరిగే నీళ్లతో కడిగి, లోపలి గోడకు తడి సున్నం పూస్తారు. సున్నపు నీళ్ల క్షారం ఎంత ఎక్కువంటే అందులో ఈస్టూ, బాక్టీరియా కదల్లేవు. చుక్కచుక్కగా దిగే నీరా ఆ సున్నంతో కలిసి తియ్యగానే ఉండిపోతుంది. దింపాక కాసేపు కదపకుండా పెడితే సున్నం అడుక్కు చేరుతుంది, పైది వంచి గుడ్డలో వడకట్టుకోవాలి. సున్నం మరీ ఎక్కువైతే రుచి పోయి నాలుక గరుకెక్కుతుంది. తక్కువైతే మధ్యాహ్నానికి కల్లే. రెండో మార్గం చల్లదనం. కేరళ కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి గెల కింద ఐసు పెట్టిన పెట్టె అమర్చి రసం పట్టే పద్ధతి తెచ్చింది. కల్పరస అని పేరు పెట్టి అమ్మించారు. చలిలో ఈస్టు చావదు, పని మానేస్తుంది, అంతే. ఐసులోంచి తీసి ఎండలో పెడితే మళ్లీ మొదలు. మన రాష్ట్రం కూడా నీరాను ప్రోత్సహించాలని హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో నీరా కేఫ్ తెరిచింది. రాజధానిలో ఒక్కటి చాలదు. తాళ్లున్న ఊళ్లలో, కరీంనగర్ బస్టాండు దగ్గర, మంచిర్యాల రైల్వే స్టేషను దగ్గర పొద్దున పూట ఐసుపెట్టెలో నీరా అమ్మే బండి ఉండాలి. సీసాల్లో అమ్మే రంగునీళ్ల కంటే వెయ్యి రెట్లు నయం.

నీరాను అలాగే తాగితే తియ్యగా, రుచిగా ఉంటుంది కానీ దాహం తీర్చడానికి చక్కెర ఎక్కువ. చిక్కటి చక్కెరనీళ్లు పేగులోకి పోతే పేగు నీళ్లు పీల్చుకునేది పోయి, దాన్ని పలచన చేయడానికి ఒంట్లో నీళ్లే అందులోకి వదులుతుంది. సగానికి సగం నీళ్లు పోస్తే 6 శాతం చక్కెర అవుతుంది, ఆటగాళ్ల పానీయాల్లో ఉండేది ఇంచుమించు అంతే. ఇంకొంచెం పలచగా ఉన్నా మంచిదే. ఉప్పు తప్పనిసరిగా పడాలి. మన చిన్నపేగు గోడలో గ్లూకోజ్‌ను, సోడియంను జతగా లోపలికి లాగే ఒక ప్రోటీను ఉంది. రెండూ కలిసొస్తేనే అది తలుపు తీస్తుంది, వాటి వెంట నీళ్లు పోతాయి. విరేచనాలకు ఇచ్చే ఓఆర్ఎస్ పొట్లం పనిచేసేది ఈ సూత్రం మీదనే. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం, నీరాలో అది తక్కువ. కాబట్టి చిటికెడు ఉప్పు లేని నీరా సగం పనే చేస్తుంది.

మా ఇంట్లో ఎట్ల చేస్తమంటే: వడకట్టిన నీరా రెండు గిలాసలు, కుండనీళ్లు రెండు గిలాసలు, ఒక నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు, ఇంత దంచిన అల్లం పిండిన రసం. అందులో లేత తాటిముంజలు చిన్న ముక్కలుగా కోసి వేస్తారు మీ అవ్వ. పండు తాడు ఇచ్చేవే ఆ ముంజలు, కాబట్టి ఒకే జాతి చెట్టు రసం, ఒకే జాతి చెట్టు కాయ. ముంజ పైన గోధుమరంగు పొట్టు కొందరు తీసేస్తారు, అక్కర్లేదు, కాస్త వగరుగా ఉంటుంది అంతే. లోపలి తెల్లటి జెల్లీ గెలాక్టోమన్నన్ అనే పిండిపదార్థం, అది తన బరువుకు చాలా రెట్లు నీళ్లు పట్టి ఉంచుతుంది. సాంగ్రియాలో నారింజ ముక్కలు వేసేవాళ్లకు ఇది ఒకసారి రుచి చూపించు, వాళ్లే తేల్చుకుంటారు.

చల్లదనానికి ఫ్రిజ్ కావాల్సిందేనని అనుకోవద్దు. మన ఎండ పొడి ఎండ. గోదావరి జిల్లాల ఉక్క ఎండ కాదు. పొడి గాలిలో తడి తొందరగా ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి లాక్కుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి 580 కేలరీల వేడి కావాలి. పది లీటర్ల కుండలో నీళ్లను 10 డిగ్రీలు చల్లబరచడానికి కేవలం 170 గ్రాముల నీళ్లు కుండ గోడల గుండా ఆవిరైతే చాలు, ఒక చిన్న గిలాసెడు. కుండ చుట్టూ తడిగుడ్డ కట్టి, గాలి తగిలేచోట, నీడలో పెట్టాలి. మూలకు పెట్టి, చుట్టూ సామాను పేర్చితే ఆ కుండ పనిచేయదు. లోపల నాచు పట్టినా, బయట రంగు వేసినా సన్నటి రంధ్రాలు మూసుకుంటాయి.

షుగరు జబ్బున్నవాళ్లకు ఒక మాట. నీరా సహజమైనది, షుగరును తగ్గిస్తుందని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. లీటరుకు 100 గ్రాములకు పైగా సుక్రోజ్ ఉన్న రసం షుగరును ఎట్లా తగ్గిస్తుంది? వాళ్లకు పలచటి సల్ల, జొన్న అంబలి నయం. అంబలి కూడా పులిసేదే. కానీ అక్కడ పెత్తనం లాక్టిక్ బాక్టీరియాది, అది చక్కెరను పులుపుగా మారుస్తుంది. మత్తు ఉండదు, పులుపు ఉంటుంది. అంబలిలోనూ గంజిపిండి ఉంది గనుక వాళ్లు చిన్న గిలాసతో సరిపెట్టుకోవాలి.

ఇక ఆదిలాబాద్ దిక్కు పోదాం. అక్కడ తాటికంటే ఇప్పచెట్టు పెద్దది, విలువలోనూ, ఆదివాసుల మనసులోనూ. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు అడవుల్లో ఫాల్గుణం, చైత్రం నెలల్లో ఆకులు రాలిన ఇప్పచెట్టు పూస్తుంది. పువ్వు రాత్రంతా విచ్చి, తెల్లవారుజామున టపటపా రాలుతుంది. లేత పసుపు రంగులో, గుండ్రంగా, కండగా, తేనెతో నిండి ఉంటుంది. కొలాం, గోండు ఆడవాళ్లు చీకటితోనే గంపలతో పోయి ఏరుకొస్తారు. ఎలుగుబంట్లు కూడా ఆ వాసనకే వస్తాయి, కాబట్టి గుంపుగా పోతారు. కింద ఆకులు తగలబెట్టి నేల శుభ్రం చేసుకునే అలవాటు ఒకటి ఉంది, దానివల్ల అడవికి నిప్పంటుకుంటుంది. చెట్టు కింద వల పరిస్తే ఆ గొడవే లేదు, పువ్వుకు మట్టి కూడా అంటదు.

ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. నీళ్లలో నానబెట్టి నాలుగు రోజులు వదిలితే పులుస్తుంది, కాస్తే సారా. ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర, నీళ్లు 100 దగ్గర మరుగుతాయి, ఆ తేడా పట్టుకుని ఆవిరిని చల్లార్చేదే సారా బట్టీ. ఇప్పసారా గోండుల పూజల్లో, పెండ్లిళ్లలో భాగం, దాన్ని అవమానించే మాట నా నోట రాదు. అయితే వేసవి దాహానికి పనికొచ్చేది పువ్వు, సారా కాదు. ఎండు పువ్వు గుప్పెడు తీసుకుని, లోపలి కేసరాలు దులిపి, రెండుసార్లు కడిగి, గంటసేపు నానబెట్టు. నాలుగు గిలాసల నీళ్లలో పది నిమిషాలు ఉడికించి వడకట్టు. ఉడకడంతో ఈస్టు చస్తుంది, తొందరగా పులవదు. చల్లారాక చింతపండు పులుసు రెండు చెంచాలు, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి. బెల్లం అసలు వద్దు, పువ్వు తీపే మిగులుతుంది. ఎండుద్రాక్ష, తేనె కలిసిన వాసన ఒకటి వస్తుంది, మొదటిసారి తాగేవాళ్లకు కొత్తగా ఉంటుంది. రెండో గిలాస అడుగుతారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇదే పువ్వుతో లడ్డూలు చేస్తోంది. రక్తహీనత తగ్గాలని ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు ఇప్పలడ్డూ పెట్టారు. ఒకప్పుడు సారాకే తప్ప ఎందుకూ పనికిరాదని ఎక్సైజు కళ్లతో చూసిన పువ్వు పిల్లల పళ్లెంలోకి వచ్చింది. నాకు చాలా నచ్చిన మార్పు ఇది. ఇప్పగింజల నూనె కేస్లాపూర్ నాగోబా పూజలో దీపాలకు పోస్తారని నీకు తెలిసే ఉంటుంది. ఆ చెట్టు ఒక్కటి నరికితే ఒక కుటుంబం వేసవి ఆదాయం పోయినట్టే.

భయపడాల్సిన సంగతులు రెండున్నాయి, దాచకుండా చెప్పాలి.

మొదటిది కల్తీ కల్లు. ఊళ్లో తాళ్లు, ఈతలు తగ్గిపోయాక కూడా అమ్మకం తగ్గలేదంటే లొట్టిలో ఉన్నది చెట్టు రసం కాదన్నమాట. సాక్రిన్ తీపి, నురగకు ఇంకేదో, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం. ఈ మత్తుమందులు మెదడు మీద ఆల్కహాల్ పనిచేసే చోటనే పనిచేస్తాయి, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అలవాటైనవాడికి ఒక్కసారిగా ఆపితే వణుకు, ఫిట్సు వస్తాయి, కాబట్టి మాన్పించాలంటే దవాఖానాకు తీసుకుపోవాలి, ఇంట్లో కట్టేసి కాదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. నాలుకతో దాన్ని గుర్తుపట్టలేం. చెట్టు దిగుతుండగా చూసి తీసుకోవడం ఒక్కటే దారి.

రెండోది కప్పు లేని లొట్టి. బంగ్లాదేశ్‌లో చలికాలంలో పచ్చి ఈతరసం తాగినవారికి నిపా వైరస్ సోకిన సంఘటనలు అనేకం జరిగాయి. రాత్రిపూట పండ్లు తినే గబ్బిలాలు లొట్టి మూతి దగ్గర వాలి, నాకి, రెట్ట వేయడం వల్ల అలా జరిగింది. అక్కడి ఈతా మన ఈతా ఒకే జాతి చెట్టు. గీసిన చోటునూ లొట్టినీ కలిపి వెదురు తడికతో కప్పితే గబ్బిలం దగ్గరికి రాలేదని అక్కడే చేసి చూపించారు. సన్నటి వల అయినా సరే. మన గీతకార్మికులకు ఇచ్చే కిట్టులో ఈ వల కూడా ఒకటి చేరిస్తే ఖర్చు ఎంతో కాదు.

పిల్లలకు "సలవ చేస్తది" అని కల్లు పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి మానండి. చిన్న ఒంటికి చిన్న మోతాదు కూడా పెద్దదే, పిల్లల రక్తంలో చక్కెరను ఆల్కహాల్ ప్రమాదకరంగా పడగొడుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకూ అంతే. వాళ్లకు అప్పుడే దింపిన నీరా ఒక్క పొంగు రానిచ్చి, చల్లార్చి, నీళ్లు కలిపి ఇవ్వండి.

బిడ్డా, నువ్వు మే నెలలో వస్తానన్నావు. వచ్చేటప్పుడు నీ జర్మనీ స్నేహితురాలిని కూడా తీసుకురా. పొద్దు పొడవకముందే తాటివనానికి పోవాలి. మన గౌడన్నకు ముందురోజే చెప్పి సున్నం పూసిన లొట్టి కట్టించాలి. అడిగిన ధర బేరం ఆడకుండా ఇవ్వాలి. చదువుతున్న మీరందరూ కూడా ఈ ఎండాకాలం మీ ఊరి గౌడన్నను ఒక్క లొట్టి నీరా అడగండి. అడిగేవాళ్లుంటేనే ఆయన సున్నం పూస్తాడు.